షరాబు కన్ను

రూపాయికి పదహారు అణాలు. లెక్కల పుస్తకంలో ఇది ఎప్పుడూ నిజమే. షరాబు కొట్లో మాత్రం కాదు. రెండు వందల యాభై ఏళ్ళ కిందట ఎవరైనా మూటలోంచి రూపాయి తీసి బల్లమీద పెడితే, షరాబు ముందు దాన్ని రాతిమీద మోగించి చూసేవాడు. తర్వాత తూచేవాడు. అంచు తడిమేవాడు. చివరికి ఓ మూలన ఉన్న చిన్న గుర్తు కోసం వెతికేవాడు. ఇది ఏ టంకసాలది, ఏ ఏటిది, ఎంత అరిగింది? ఈ మూడూ తేలాక పదహారణాల్లోంచి ఎంత కోత పెట్టాలో చెప్పేవాడు. ఆ కోతని ఉత్తరాదిన బట్టా అన్నారు. మన తెలుగు మాట వట్టం.

ఇవాళ పాత వెండి నాణేలు సేకరించేవాళ్ళు అడిగేవి కూడా సరిగ్గా ఆ మూడు ప్రశ్నలే. టంకసాల, సంవత్సరం, అరుగుదల. అప్పట్లో పాతబడే కొద్దీ విలువ తగ్గేది, ఇప్పుడు పాతబడే కొద్దీ పెరుగుతుందని అనుకుంటున్నాం. (ఇదీ సగమే నిజం, ఆ సంగతి తర్వాత.) మారనిది ఒకటుంది. నాణేన్ని చదవడం వచ్చినవాడు చదవడం రానివాడి దగ్గర నుంచి ఎంతో కొంత తీసుకుంటూనే ఉన్నాడు. వెండి ధర పెరిగినప్పుడల్లా నానమ్మ పెట్టెలోని రూపాయి బిళ్ళలు కొలిమి దారి పడుతున్నాయి కాబట్టి, ఈ చదువు ఎక్కణ్ణించి వచ్చిందో, దానికి దేన్ని కొలవడం చేతనవునో, దేన్ని కొలవడం చేతకాదో ఓసారి చూడటం మంచిది.

పెద్ద అక్షరాలు, చిన్న పువ్వు

మొఘల్ పద్ధతిలో రూపాయి మీద పాదుషా పేరు, టంకసాల ఊరు, హిజ్రీ సంవత్సరం, పాదుషా ఏలుబడిలో అది ఎన్నో ఏడు అనేది ఉంటాయి. ఆ ఏడు కొట్టిన కొత్త రూపాయి సిక్కా. దానికి పూర్తి విలువ. ఏడాది తిరిగితే కొంచెం వట్టం. ఇంకా పాతబడితే అది సనాత్ రూపాయి, అంటే ఏళ్ళు మీరిన రూపాయి. దానికి ఇంకాస్త వట్టం. వెండి నిజంగా అరిగిందా లేదా అన్న దానితో పనిలేదు. మీద అంకె పాతదైతే చాలు. శిస్తు సిక్కాల్లో కట్టమంటారు, చేతికొచ్చేవి సనాత్‌లు. నడిమధ్య షరాబు. పంట పండినా పండకపోయినా నష్టం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

బెంగాల్లో ఈస్టిండియా కంపెనీ దీనికి ఒక వింత విరుగుడు కనిపెట్టింది. సంవత్సరం మారితే కదా వట్టం పడేది, అసలు సంవత్సరాన్నే మార్చకపోతే? షా ఆలం ఏలుబడి 19వ ఏటి ముద్రని అలాగే ఉంచేసి ఏళ్ళ తరబడి రూపాయలు కొట్టారు. 1793 నాటి నిబంధన ఆ '19 సన్' రూపాయినే ప్రామాణికం చేసింది. దాని మీద ఊరి పేరు ముర్షీదాబాదు. కొట్టింది మాత్రం కలకత్తాలో కూడా. ఇవాళ ఆ రూపాయి దొరికితే దాని అసలు వయసు చెప్పేది మీది అక్షరాలు కాదు, అంచు. అంచు మీది గీతలు వాలుగా ఉంటే ముందుకాలపువి, నిలువుగా ఉంటే తర్వాతివి.

మద్రాసులోనూ ఇదే కథ. కంపెనీ కొట్టిన ఆర్కాటు రూపాయి చేతిలోకి తీసుకోండి. పాదుషా పేరు రెండో ఆలంగీరు. సంవత్సరం 1172 హిజ్రీ, ఏలుబడి ఆరో ఏడు. ఊరు ఆర్కాటు. నిజానికి రెండో ఆలంగీరు 1759లోనే హత్యకు గురయ్యాడు. ఈ రూపాయి 19వ శతాబ్దంలో మద్రాసులో యంత్రం మీద తయారైంది. పాదుషా అబద్ధం, ఏడు అబద్ధం, ఊరు అబద్ధం. ఓ పక్కన చిన్న తామర పువ్వు ఉంటుంది. మద్రాసు టంకసాల గుర్తు అదే. అదే రూపాయిని మద్రాసు కోసం కలకత్తాలో కొడితే తామర బదులు గులాబీ. ఇంత పెద్ద నాణెం మీద నిజం చెప్పేది ఆ చిన్న పువ్వొక్కటే.

ఫ్రెంచివాళ్ళదీ ఇదే దారి. పుదుచ్చేరిలో కొట్టిన రూపాయి మీద నెలవంక, మన బందరులో కొట్టించిన దాని మీద త్రిశూలం. పేరు మాత్రం పాదుషాదే. జనం నమ్మేది ఆ పేరుని కాబట్టి పెద్దక్షరాల్లో అది వేసేవాళ్ళు. టంకసాలల మధ్య లెక్క తేలాలి కాబట్టి మూలన గుర్తు వేసేవాళ్ళు. రేపు ఈ రూపాయిలో వెండి తక్కువైందని తేలితే ఎవర్ని పట్టుకోవాలి? దానికి జవాబు ఆ గుర్తు. అంటే టంకసాల గుర్తు అలంకారంగా పుట్టలేదు. జవాబుదారీ కోసం పుట్టింది.

ఇంకో గుర్తు కూడా ఉంటుంది. అది టంకసాల వేసింది కాదు. వెండి లోపలిదాకా ఉందో లేదో చూడటానికి షరాబులు నాణెం మీద చిన్న గాటు పెట్టేవాళ్ళు, లేదా తమ ముద్ర ఒకటి కొట్టేవాళ్ళు. చేతులు మారిన ప్రతి చోటా ఒక గాటు. కొన్ని రూపాయల మీద ఇవి ఎన్ని ఉంటాయంటే, అసలు అక్షరాలు వెతుక్కోవాలి.

రూపాయెత్తు

1818లో మద్రాసు ప్రెసిడెన్సీ వరహాల లెక్క మాని రూపాయల లెక్కకి మారింది. 100 వరహాలకి 350 రూపాయలు, అంటే వరహాకి మూడున్నర. ఆ మద్రాసు రూపాయి బరువు 180 గ్రెయిన్లు, పన్నెండు వంతుల్లో పదకొండు వంతులు వెండి. 1835లో కంపెనీ తన ఏలుబడిలో ఉన్న దేశమంతటికీ ఒకే రూపాయి పెట్టాలనుకున్నప్పుడు తీసుకున్నది ఈ కొలతనే. పాదుషా పేరు పోయి నాలుగో విలియం బొమ్మ వచ్చింది, కానీ లోపలి వెండి మాత్రం మద్రాసు లెక్కే.

180 గ్రెయిన్లంటే 11.66 గ్రాములు. ఈ అంకె ఎక్కడో విన్నట్టుందా? తులం. పాత తులమంటే ఒక రూపాయి బరువు. 80 తులాలు ఒక శేరు. రూపాయి బిళ్ళే తూకపు రాయి కూడా. ఆయుర్వేదం మందుల చీటీల్లో 'రూపాయెత్తు' శొంఠి, 'అర్ధరూపాయెత్తు' పిప్పళ్ళు అని రాసేవాళ్ళు. ఇప్పుడు బంగారం కొట్లో తులమంటే పది గ్రాములని సర్దేసుకున్నాం కానీ, ఆ మాట వెనకాల ఉన్నది ఈ వెండి బిళ్ళే.

పాత రూపాయి నిజమైనదో కాదో చూడాలంటే మొదటి పరీక్ష ఇప్పటికీ ఇదే, తూకం. 1835 నుంచి 1939 దాకా బ్రిటిష్ ఇండియా రూపాయి 11.66 గ్రాములు తూగాలి. అరుగుదల వల్ల కొంచెం తగ్గొచ్చు. ఆ రోజుల్లో చట్టం కూడా నూటికి రెండు వంతుల దాకా అరుగుదలని ఒప్పుకునేది, అది దాటితే చెల్లదు. పదిన్నర గ్రాములే తూగి, అక్షరాలు మాత్రం నిన్ననే అచ్చైనట్టు నిగనిగలాడుతుంటే అనుమానించాల్సిందే. అరిగితే రెండూ అరగాలి కదా.

చుక్కలు, పండ్లు, ఒక ఏనుగు

విక్టోరియా రూపాయల్లో మొదటివాటి మీద 1840 అని ఉంటుంది. అన్నీ 1840లోనే కొట్టారనుకుంటే పొరపాటు. ఆ అంకె 1862 దాకా మారలేదు. పాత అలవాటు ఊరికే పోదు. మరి ఏది ముందుది, ఏది తర్వాతిది? రాణి తల చుట్టూ పేరు ఏకధాటిగా తిరిగితే ముందు రకం. 'విక్టోరియా' ఒక పక్క, 'క్వీన్' ఇంకో పక్క విడిపోయి ఉంటే తర్వాతి రకం. వెనక వైపు ఆకుల దండలో ఎన్ని పండ్లున్నాయో లెక్కపెట్టి ఇంకా చిన్న రకాలుగా విడదీస్తారు. మెడ కింద డబ్ల్యు.డబ్ల్యు. అనే రెండక్షరాలు ఉంటాయి. బొమ్మ చెక్కిన విలియం వ్యాన్ సంతకం అది.

తర్వాతది 1862 రూపాయి. ఇది కూడా 1874 దాకా అదే అంకెతో వచ్చింది. అయితే బొంబాయి టంకసాల వాళ్ళు ఒక పని చేశారు. అంకె కింద చిన్న చిన్న చుక్కలు పెట్టారు. ఆ చుక్కల సంఖ్యని బట్టి అది ఏ ఏటిదో తెలుస్తుంది. పెద్ద అంకె ఒక మాట, కింద చుక్కలు ఇంకో మాట. మామూలు కంటికి పదీ ఒకేలా కనిపించే 1862 రూపాయల్లో ఒకటి సాధారణం, ఇంకొకటి అరుదు కావడానికి కారణం ఈ చుక్కలే.

1877 నుంచి మీద 'క్వీన్' పోయి 'ఎంప్రెస్' వస్తుంది. మద్రాసు టంకసాల 1869లోనే మూతపడింది కాబట్టి ఇక మిగిలినవి కలకత్తా, బొంబాయి. వెనక వైపు అడుగున బి అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే బొంబాయి. అది ఉబ్బెత్తుగా ఉండొచ్చు, లోపలికి నొక్కినట్టూ ఉండొచ్చు. ఈ తేడాని కూడా సేకర్తలు విడిగా లెక్కేస్తారు. లోపలికి నొక్కిన సి ఉంటే కలకత్తా. ఏమీ లేకపోతే అది కూడా చాలావరకు కలకత్తానే. ఎడ్వర్డ్ రూపాయల్లో కూడా బొంబాయికి బి, కలకత్తాకి ఏమీ లేదు. అయిదో జార్జి రూపాయల్లో బొంబాయి గుర్తు ఇంకా చిన్నదైపోయింది. వెనక అడుగున తామర పువ్వు కింద ఒక్క చుక్క, అంతే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1943 నుంచి 1945 వరకు, లాహోరు టంకసాల ఎల్ అక్షరంతో వచ్చింది.

అయిదో జార్జి మొదటి రూపాయి 1911ది. దీన్ని 'పంది రూపాయి' అంటారు. రాజు వస్త్రం మీద ఒక గొలుసు, దానికి చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. ఆ తొండం ఎంత పొట్టిగా చెక్కారంటే జనానికి అది పందిలా కనిపించింది. ముస్లింల నుంచి అభ్యంతరం రాగానే చలామణిలోకి పోనివన్నీ కరిగించి, 1912లో తొండం సరిగ్గా కనిపించేలా కొత్త అచ్చు తెచ్చారు. ఒక చక్రవర్తి బొమ్మ మీద గింజంత ఏనుగుని ఒక దేశం అంత శ్రద్ధగా చూసిందన్నమాట. రూపాయిని దగ్గరగా చూడటం షరాబులకే పరిమితమైన విద్య కాదు.

చార్మినార్ గుమ్మంలో ఒక అక్షరం

ఇదంతా బ్రిటిష్ ఇండియా సంగతి. హైదరాబాదు సంస్థానంలో నిజాం సొంత రూపాయి నడిచేది. హాలీ సిక్కా, అంటే ఇప్పటి నాణెం, చలామణిలో ఉన్న నాణెం. 1857 దాకా దాని మీద మొఘల్ పాదుషా పేరే ఉండేది. ఢిల్లీలో పాదుషా లేకుండా పోయాక ఆ చోట మొదటి నిజాం బిరుదు 'అసఫ్ జా' వచ్చింది. పక్కనే 92 అనే అంకె. అది సంవత్సరం కాదు. అరబీ అక్షరాలకి అంకెల విలువలు కట్టే అబ్జద్ లెక్కలో 'ముహమ్మద్' అనే పేరు 92 అవుతుంది.

రాజధానిలోనే కాదు, గద్వాల, నారాయణపేట లాంటి చోట్ల కూడా టంకసాలలుండేవి. నారాయణపేట రూపాయి మీద ఊరి పేరు దిల్షాదాబాదు అని ఉంటుంది. చీరలకి పేరుపడ్డ ఊరు ఒకప్పుడు రూపాయలు కూడా నేసిందన్నమాట. సుత్తితో కొట్టే ఆ రోజుల్లో అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. అచ్చులో సగమే బిళ్ళ మీద పడేది. అందుకని ఊరి పేరు పూర్తిగా పడ్డ రూపాయి దొరకడం సేకర్తకి పండగ.

యంత్రం మీద తయారైన రూపాయిని చర్ఖీ అన్నారు. హిజ్రీ 1321లో, అంటే 1903–04లో, మహబూబ్ అలీ ఖాన్ కాలంలో రూపాయి మీదకి చార్మినార్ వచ్చింది. సైఫాబాదు టంకసాల మొదలైంది కూడా 1903లోనే. ఆ భవనం ఇప్పుడు మ్యూజియం. ఈ రూపాయి దొరికితే చార్మినార్ నడిమి గుమ్మంలోకి చూడండి. అక్కడ ఒక అక్షరం ఉంటుంది. 'మీమ్' అయితే మహబూబ్ అలీ, 'ఐన్' అయితే ఉస్మాన్ అలీ. ఉస్మాన్ అలీ తొలి ఏళ్ళ నాణేల్లో ఆ ఐన్ పూర్తిగా పడిందా, పొట్టిగా ఉందా అన్నదాన్ని బట్టి రెండు రకాలు. బొమ్మ ఒక్కటే, రాజులిద్దరు, తేడా గుమ్మంలో.

తెలంగాణ పాతతరం బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనేది. కల్ అంటే యంత్రం. హాలీకీ కల్దారుకీ మారకం ఏడుకి ఆరు. ఏడు హాలీలిస్తే ఆరు కల్దార్లు. ఈ నిష్పత్తి ఏ దొర దయవల్లో వచ్చిందనుకోవచ్చు. కానీ లెక్కేసి చూడండి. హాలీ బరువు 11.18 గ్రాములు, అందులో వెండి వెయ్యికి 818 వంతులు, అంటే 9.14 గ్రాములు. కల్దారులో వెండి 10.69 గ్రాములు. ఏడు హాలీల్లో వెండి 64 గ్రాములు. ఆరు కల్దార్లలో కూడా 64 గ్రాములే. సరిహద్దు దాటి సరుకు అమ్ముకునేవాళ్ళు నోటిలెక్కగా చెప్పుకున్న ఏడూ ఆరుల వెనక ఉన్నది కచ్చితమైన వెండి తూకం.

ఇవాళ కొట్లో పాత రూపాయలన్నిటినీ కలిపి ఒకే రేటు కట్టేవాళ్ళున్నారు. విక్టోరియా, ఎడ్వర్డ్, అయిదో జార్జి రూపాయిలో పదిన్నర గ్రాములకి పైనే వెండి. చార్మినార్ రూపాయిలో తొమ్మిది. 1940 నుంచి వచ్చిన ఆరో జార్జి రూపాయిలో వెండి సగమే, మిగతాది రాగి, నికెల్, జింకు. అంటే ఆరు గ్రాములు కూడా లేదు. 1947 రూపాయి, వెనక పులి బొమ్మ ఉన్నది, పూర్తిగా నికెల్. వెండి సున్నా. అన్నీ చూడ్డానికి తెల్లగానే ఉంటాయి. ఈ నాలుగు అంకెలు తెలిస్తే వట్టం సగం తప్పినట్టే.

'గుడ్' అంటే బాలేదని

సేకర్తల భాషలో నాణెం స్థితికి మెట్లున్నాయి. గుడ్, వెరీ గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్. ఇందులో తమాషా ఏమిటంటే 'గుడ్' అంటే బాగా అరిగిపోయిందని. అక్షరాలు కూడబలుక్కోవాలి, బొమ్మ నీడలా ఉంటుంది. 'ఫైన్' అంటే ఓ మాదిరి. నిజంగా బావుందంటే పై మూడు మెట్లలో ఉండాలి. అమెరికాలో విలియం షెల్డన్ 1949లో పెట్టిన 70 అంకెల కొలమానాన్ని ఇప్పుడు గ్రేడింగ్ కంపెనీలు వాడుతున్నాయి. నాణేన్ని ప్లాస్టిక్ పెట్టెలో మూసి, మీద అంకె వేసి ఇస్తాయి.

అరుగుదల ఎక్కడ చూడాలి? బొమ్మలో ఎత్తుగా ఉన్నవి ముందు అరుగుతాయి. 1840 రూపాయిలో రాణి చెవి పైన జుట్టు పాయలు. 1862, 1877 రకాల్లో కిరీటం, దుస్తుల మీది అల్లిక. అయిదో జార్జి రూపాయిలో కిరీటం నగిషీ, మళ్ళీ ఆ ఏనుగు. ఏనుగు కాళ్ళూ తొండం విడివిడిగా కనిపిస్తే ఆ రూపాయి పెద్దగా చేతులు మారలేదన్నమాట.

మన ఇళ్ళల్లో నాణేల స్థితిని ఎక్కువగా పాడుచేసేది చలామణి కాదు, శుభ్రం. వరలక్ష్మీ వ్రతానికి కలశంలో వేసే వెండి రూపాయిని చింతపండుతో, ముగ్గుపిండితో, పీతాంబరితో తోమి తెల్లగా మెరిపిస్తాం. వెండి మీద ఏళ్ళతరబడి పేరుకున్న ఆ నల్లటి, బూడిద రంగు పొర మురికి కాదు, గాలిలోని గంధకం వెండితో కలిసి కట్టుకున్న పూత. దాన్ని గీకేస్తే దాంతోపాటు లోహం కూడా కొంచెం పోతుంది, సన్నటి గీతలు మిగులుతాయి. తెలిసినవాడు ఒక్క చూపులో పట్టేస్తాడు, ధర సగానికి పడిపోతుంది. పూజకి వాడే రూపాయి పూజకే ఉండనివ్వండి. మిగతావాటిని తోమకండి.

రెండో దెబ్బ టంకం. రూపాయికి కొక్కెం అతికించి గొలుసులో వేసుకోవడం, దండగా గుచ్చుకోవడం మన దగ్గర పాత అలవాటు. లంబాడీ ఆడవాళ్ళ మెడలో రూపాయల దండలు ఇప్పటికీ చూస్తాం. సేకర్త లెక్కలో కొక్కెం తీసిన మచ్చ ఉన్న రూపాయి వెండి ధరకి మించి పలకదు. మన భాషలో నాణెం కొట్టే చోటు టంకసాల, నాణేన్ని నగకి అతికించేది టంకం. ఒకే మాట రూపాయిని పుట్టించింది, అదే మాట దాని ధరని చంపింది.

అరుదు అంటే ఏమిటి

పాతది కాబట్టి ఖరీదు అన్నదే సగం నిజం అన్నాను. 1862 రూపాయలూ, 1900ల మొదట్లో ఎడ్వర్డ్ రూపాయలూ కోట్ల లెక్కన అచ్చయ్యాయి. అరిగిన స్థితిలో అయితే వెండి ధర మీద కాస్త ఎక్కువ, అంతే. పంది రూపాయికి కథ పెద్దది, ధర మాత్రం ఆ స్థాయిలో ఉండదు. అలజడి విన్నవాళ్ళు చాలామంది దాచుకున్నారు కాబట్టి ఇప్పటికీ దొరుకుతుంది. అదే 1939 బొంబాయి రూపాయి వయసులో వీటన్నిటికన్నా చిన్నది. కానీ మరుసటి ఏడే వెండి సగానికి తగ్గింది, ఆ పాత పాళ్ళ నాణేలు కరిగిపోయాయి. మిగిలినవి కొద్ది. అందుకే సేకర్తలు దాని కోసం పోటీ పడతారు. ఎన్ని అచ్చయ్యాయన్నది ఒక లెక్క, ఎన్ని మిగిలాయన్నది ఇంకో లెక్క. ధర రెండో దాన్ని బట్టి ఉంటుంది.

ఇక్కడే మోసం కూడా పుడుతుంది. 1938లోని 8ని 9గా చెక్కుతారు. లేని బిని పొడుస్తారు. ఇవి కాస్త చదువుకున్న మోసాలు. చదువురాని మోసాలు ఇంకా ఎక్కువ. '1818 ఈస్టిండియా కంపెనీ' అని రాసి వెనక రాముడో హనుమంతుడో ఉన్న నాణెం లక్షలు పలుకుతుందని చెబుతారు. కంపెనీ అలాంటిది ఎన్నడూ కొట్టలేదు, అది సంతల్లో అమ్మిన బిళ్ళ. బియ్యపు గింజల్ని లాక్కునే నాణెం ఉందని 'రైస్ పుల్లింగ్' పేరుతో మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది మునిగారో పేపర్లు చదివేవాళ్ళకి తెలుసు. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడి కమిషన్లు గుంజేవాళ్ళని నమ్మొద్దని రిజర్వు బ్యాంకే 2021లో ప్రకటన ఇచ్చింది. ముందు డబ్బు కట్టమన్నవాడు షరాబు కూడా కాడు.

కొలిమి ముందు

పాత రూపాయిల అసలు శత్రువు ఎప్పుడూ కొలిమే. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి ధర పైకెగిరి, రూపాయిలో ఉన్న వెండి రూపాయికన్నా ఖరీదైంది. జనం దాచుకున్నారు, కొందరు కరిగించారు. 1917 నవంబర్ 30న ప్రభుత్వం మొదటిసారి రూపాయి నోటు వేసింది, దాని మీద నమ్మకం కోసం వెండి రూపాయి బొమ్మే అచ్చేసి. 1918లో అమెరికా తన వెండి డాలర్లు కోట్లలో కరిగించి ఇండియా రూపాయల కోసం బ్రిటన్‌కి అమ్మింది. హైదరాబాదులో కాగితం డబ్బు వచ్చిందీ 1918లోనే. రెండో యుద్ధంలో విక్టోరియా, ఎడ్వర్డ్, జార్జి పాత వెండి రూపాయలు 1941 నుంచి 1943 లోపు వరసగా చెల్లకుండా పోయాయి. వెనక్కిచ్చినవి కరిగిపోయాయి. ఇవ్వకుండా కొంగున ముడేసుకున్నవే ఇప్పుడు మన పెట్టెల్లో ఉన్నాయి. చెల్లని కాసులని తెలిసీ దాచినవాళ్ళ పుణ్యం అది.

కరిగితే పోయేదేమిటి? వెండి ఎక్కడికీ పోదు. పోయేది గుర్తు. నాసిక్ దగ్గర జోగల్తంబిలో 1906లో ఒక కుండలో 13 వేలకి పైగా వెండి నాణేలు దొరికాయి. అన్నీ క్షహరాట రాజు నహపానుడివి. వాటిలో 9 వేలకి పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. నహపానుడి ముఖం మీద సాతవాహన చిహ్నాలు ఎక్కి, కింది అక్షరాలు సగం చెదిరిపోయాయి. గ్రేడింగ్ మెట్ల మీద పెడితే అవి చెడిపోయిన నాణేలు. కానీ గౌతమీపుత్రుడు నహపానుణ్ణి ఓడించాడన్న సంగతికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. సేకర్త స్థితిని చూస్తాడు. చరిత్రకారుడికి ఒక్కోసారి ఆ పాడైపోవడమే కావాలి. షరాబు గాట్లు ఉన్న రూపాయి, కొక్కెం మచ్చ ఉన్న రూపాయి, కొసదాకా అరిగిన రూపాయి ఎవరెవరి చేతుల్లోంచి వచ్చాయో చెబుతాయి. ఆ చెప్పే మాటకి ధరల పట్టికలో గడి లేదు.

అందుకని అమ్మొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆసుపత్రి బిల్లుకో, పిల్ల ఫీజుకో వెండి అమ్ముకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమ్మే ముందు చేయదగ్గ పనులు కొన్ని ఉన్నాయి, అంతే. ఒక్కో రూపాయినీ తూచండి. ముందూ వెనకా, అంచుకి కూడా ఫోటో తీయండి. అడుగున బి ఉందా, తామర కింద చుక్క ఉందా, గుమ్మంలో ఏ అక్షరం ఉంది, 1862 కింద చుక్కలు ఎన్ని, రాసుకోండి. ఇవి ఎవరివి, ఎవరి పెళ్ళికి వచ్చాయి, ఏ ఊరి నుంచి వచ్చాయి అని ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. పునాది తవ్వుతుంటే కుండ దొరికితే మాత్రం దాన్ని పంచుకోవద్దు. 1878 నాటి చట్టం ప్రకారం నేలలో దొరికిన పది రూపాయలు మించిన నిధిని కలెక్టరుకి చెప్పాలి. వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం లెక్కలో పురావస్తువు, దాన్ని దేశం దాటించడం నేరం. విదేశాల్లో ఉన్న మనవాళ్ళు సూట్‌కేసులో వేసుకునే ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అప్పుడు కొట్టుకి వెళ్ళి బల్లమీద పెట్టండి. అతను కాటా మీద వేసి అన్నిటికీ కలిపి ఒక అంకె చెబుతాడు. వీటిలో ఈ రెండు హాలీలు, ఈ మూడు నలభై తర్వాతవి, ఇదిగో ఈ 1862 కింద చుక్కలున్నాయి, దీన్ని పక్కన పెట్టండి అని మీరు అంటారు. అతను భూతద్దం కోసం సొరుగు తీస్తాడు. బేరం అక్కడ మొదలవుతుంది.